రాని సినిమాల తూకం
పాలకొల్లు టీ కొట్ల దగ్గర ఇప్పుడు హీరోల కంటే వాళ్ల సినిమా లోకాల మీదే వాదన ఎక్కువ. వైజయంతీ సంస్థ వాళ్ల ‘కల్కి’ రెండో భాగం గొప్పదా, మైత్రీ సంస్థ వాళ్ల ‘జై హనుమాన్’ దాన్ని మించుతుందా అని. అటు హీరోగా మొగల్తూరు కుటుంబపు ప్రభాస్, ఇటు దర్శకుడిగా పాలకొల్లు బిడ్డ ప్రశాంత్ వర్మ. పశ్చిమ గోదావరికి ఇది ఇంటి పోటీయే. ఆ ఉత్సాహమంటే నాకెంతో ఇష్టం. కానీ ఇంకా రాని సినిమాలను పోస్టర్లతో, బడ్జెట్లతో తూచడం తప్పు. 2025లో వస్తుందని ‘హనుమాన్’ చివర్లో ప్రకటించిన దాని తర్వాతి భాగం ‘జై హనుమాన్’ ఆ ఏడాది రానేలేదు. అయినా 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ గెలిచింది ప్రకటనలతోనా? అంజనాద్రి అనే పల్లెలో, తమ్ముడి మీద ప్రాణం పెట్టుకున్న ఒక అక్కతో, ఆ అల్లరి తమ్ముడితో గెలిచింది. ఇలాంటి కథల్లో అడగాల్సింది ఒకటే: ఆ దైవశక్తి ఎవరి కోసం దిగివస్తోంది? ఇదే పాలకొల్లుకు చెందిన కోడి రామకృష్ణ 1995లో ‘అమ్మోరు’ తీసేనాటికి మన తెరకు గ్రాఫిక్స్ ఇంకా కొత్త. జనం ఆ మాయను కళ్లప్పగించి చూశారు, నిజమే. కళ్లు తుడుచుకున్నది మాత్రం అత్తింట్లో నలిగిపోతున్న భవానిని కాయడానికి అమ్మవారు పనిపిల్లగా ఆ గడప తొక్కినప్పుడు.