అన్నదానం ఆలయ ప్రాంగణంలోనే ఆగిపోరాదు

శ్రీమద్భాగవతం నవమ స్కంధంలోని రంతిదేవుని వృత్తాంతం సుప్రసిద్ధం. 48 దినాలు నీరు సైతం లేక కుటుంబంతో సహా కృశించిన ఆ మహారాజుకు చివరకు కొంత ఆహారం లభించింది. భుజించబోయే వేళకు అతిథులు ఒకరి వెంట ఒకరు వచ్చారు. ఎవరినీ కాదనక, అందరిలోనూ శ్రీహరినే దర్శించి, మిగిలిన గుక్కెడు నీటిని కూడా దప్పిగొన్నవానికే సమర్పించాడు. ఆయన మోక్షాన్ని కోరలేదు. జీవుల దుఃఖాన్ని తాను పంచుకోవాలని కోరాడు.

ఆ ఆదర్శం మన నేలపై ఎన్నడూ అంతరించలేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841-1909) వేళాపాళా చూడక, కులమతాలు అడగక, గడప తొక్కినవారందరికీ అన్నం పెట్టారు. తిరుమల క్షేత్రంలో 1985లో ఆరంభమైన నిత్యాన్నదానం నేటికీ సాగుతోంది.

ప్రభుత్వమూ తన వంతు చేస్తున్నది. ఉమ్మడి రాష్ట్రంలో 1983లో కిలో 2 రూపాయల బియ్యం పథకం వచ్చింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని ప్రకారం అర్హులైన వారికి మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోల ధాన్యం అందాలి. 2023 జనవరి నుండి ఈ ధాన్యాన్ని ఉచితంగానే ఇస్తున్నారు.

ఇక్కడ రెండు మాటలు తరచుగా వినబడుతున్నాయి. “అంతా ప్రభుత్వమే ఇస్తున్నప్పుడు మన దానమెందుకు?” అన్నది ఒకటి. “ఉచితాలతో జనం సోమరులవుతున్నారు” అన్నది మరొకటి. రెండూ ధర్మసమ్మతం కావు. దీనులకు, అనాథలకు, వృద్ధులకు, వితంతువులకు జీవనాధారం కల్పించడం రాజు విధి అని మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు బోధించాడు. కనుక పాలకులు పేదకు ఇచ్చేది భిక్ష కాదు, రాజధర్మం. దానిని స్వీకరించేవారిని చులకన చేసే అధికారం మనకు లేదు.

అయితే చట్టం బియ్యాన్ని దుకాణం వరకే చేర్చగలదు. కాయకష్టంతో వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తించని కూలీ ఉన్నాడు. మంచం దిగలేని ముసలితల్లి ఉన్నది. పొట్ట చేతబట్టుకుని ఊరు మారిన వలస కుటుంబానికి, ఉన్నచోటనే రేషను తీసుకునే వీలున్నదన్న సంగతి తెలియకపోవచ్చు. పింఛను దరఖాస్తు రాయించుకునే దిక్కు లేనివారూ ఉన్నారు. రాజధర్మం చేరని ఈ చోటనే గృహస్థధర్మం మొదలవుతుంది.

అందుకు ధనవంతులమే కానక్కరలేదు. ఒక పూట తీరిక చేసుకుని వృద్ధురాలి వెంట రేషను దుకాణానికో, కార్యాలయానికో వెళ్లడం దానమే. చదువు రానివారికి ఒక అర్జీ రాసిపెట్టడమూ దానమే. పర్వదినాలలో ఆలయం వద్ద అన్నదానం చేస్తాం. వరుసలో నిలబడగలిగినవారే ఆ ప్రసాదం స్వీకరించగలరు. నిలబడలేనివారి మాటేమిటి? ప్రతి ఊరి ఆలయ సంఘమూ తమ వీధులలో కదలలేని నిరుపేదలెవరో తెలుసుకుని, వడ్డన మొదలు కాకముందే వారి వాటా క్యారేజీలలో ఇంటికి పంపే నియమం పెట్టుకోవాలి. స్వామికి నివేదించిన తరువాత తొలి ముద్ద వారిదే కావాలి.

మరొక విన్నపం. ఇచ్చేటప్పుడు పుచ్చుకునేవారి ముఖాన్ని ఫొటో తీసి నలుగురికీ చూపే అలవాటు మానుదాం. ప్రత్యుపకారం ఆశించక, దేశకాలపాత్రాలు ఎరిగి చేసినదే సాత్త్విక దానమని గీతాచార్యుని నిర్ణయం. కీర్తి కూడా ప్రత్యుపకారమే కదా! పేదవానికి ఆకలి ఎంత నిజమో, అభిమానమూ అంతే నిజం. ఆకలి తీర్చి అభిమానాన్ని గాయపరిస్తే ఆ దానం అసంపూర్ణం.

మానవసేవయే మాధవసేవ అని నిత్యం పలుకుతున్నాం. ఈ వారం పూజ ముగిసిన పిమ్మట మన వీధిలో పొయ్యి వెలగని ఇల్లు ఏదైనా ఉన్నదా అని ఒక్కసారి విచారిద్దాం. ఆ గడప వద్ద మన కోసం వేచి ఉన్నది రంతిదేవుడు దర్శించిన ఆ శ్రీహరియే.