ఎలుకకు తగ్గితే మనిషికి తగ్గినట్టేనా?

ఫలానా ఆకు ఉబ్బసానికి దివ్యౌషధమని శాస్త్రవేత్తలే తేల్చారంటూ ఫోన్లలో తిరిగే సందేశాల మూలం వెతికితే, తరచూ ఒక ప్రయోగశాల చిట్టెలుక దగ్గర తేలతాం. మహిమలు అమ్ముకునేవాళ్లు ఇప్పుడు సైన్సు పేరే వాడుకుంటున్నారు గనుక, ఆ ఎలుకకు ఏం చేశారో తెలుసుకోవాలి.

చిట్టెలుకలకు మనలా ఉబ్బసం రాదు, తెప్పించాలి. కోడిగుడ్డు తెల్లసొనలో ఉండే ఓవాల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అల్యూమినియం లవణంతో కలిపి పొట్టలోకి సూది వేస్తారు. ఆ ప్రొటీన్ ఒంటికి పడని స్థితి వచ్చాక, దాన్నే తుంపరగా పీల్పిస్తారు. ఊపిరి గొట్టాలు వాస్తాయి. కొన్ని ఎలుకలకు ఆకు సారం, కొన్నిటికి మందు లేని ద్రావణం, కొన్నిటికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తారు. చివరికి ఊపిరితిత్తులను ఉప్పునీటితో కడిగి, ఆ నీళ్లలో వాపుకు గుర్తయిన ఇయోసినోఫిల్ కణాలెన్ని ఉన్నాయో మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. సారం ఇచ్చినవాటిలో కణాలు తగ్గితే అది విలువైన సమాచారమే. ఆ శ్రమను తక్కువ చేయడం తప్పు. కానీ చాలా ప్రయోగాల్లో వాపు రాకముందే సారం మొదలుపెడతారు. మన రోగి ఏళ్ల తరబడి ఆయాసపడి వస్తాడు. కణాలు తగ్గడం వేరు, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చునే మనిషికి కంటినిండా నిద్ర పట్టడం వేరు.

మేకమేయని ఆకు సంగతే చూడండి. 1960ల చివర్లో ఢిల్లీలో డాక్టర్ శివపురి బృందం ఉబ్బస రోగుల చేత రోజుకో ఆకు చొప్పున 6 రోజులు నమిలించింది. చాలామందికి వారాలపాటు ఉపశమనం కనిపించింది. కొందరికి నోరు పుండైంది, వికారం పుట్టింది. కొందరికి ఉత్తుత్తి మందిచ్చి పోల్చే పరీక్షలో, నోరు మండితే తనకు అసలు మందే ఇచ్చారని రోగి పసిగట్టేస్తాడు, ఆ నమ్మకమే ఫలితంలో కలిసిపోతుంది. 1979లో మరో బృందం, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా పరీక్షిస్తే, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ మాటా అచ్చయింది. ఆకు మనదైనా, ఆశ పెద్దదైనా సరే, ఫలితాన్ని దాచలేదు.

మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి వేసే చేపమందుకు ఈ పరీక్షే లేదు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి రోగి చేత మింగించే పసుపురంగు ముద్దలో ఏముందో, దాన్ని ఇచ్చే బత్తిని కుటుంబం చెప్పదు. తగ్గితే మందు గొప్పదనం. తగ్గకపోతే పథ్యం తప్పారంటారు, వరుసగా ఏటా రాలేదంటారు. ఉబ్బసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. మరీ ముదిరినప్పుడే జనం పరుగెత్తుకొస్తారు, ఆ తర్వాత కాస్త నెమ్మదించడం దాని స్వభావం. ఆ నెమ్మదింపు ముద్ద ఖాతాలో పడుతుంది, ఇంట్లో ఇన్‌హేలర్ మూలన పడుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

సైన్సు ప్రచార సంస్థ జనవిజ్ఞాన వేదిక ఏళ్లుగా ఈ చేపమందును ప్రశ్నిస్తూనే ఉంది. ప్రభుత్వం చేపపిల్లలూ సమకూరుస్తుంది, బందోబస్తూ ఇస్తుంది. ఆ ఖర్చులో కొంత పెట్టి, ఒప్పుకున్నవాళ్లలో సగం మందికి అసలు ముద్ద, సగం మందికి వట్టి ముద్ద వేయించాలి. వాడుతున్న ఇన్‌హేలర్లు ఎవరిచేతా మాన్పించకుండా, ఆర్నెల్ల తర్వాత అందరిచేతా ఊపిరి వదిలే వేగాన్ని కొలిచే పీక్‌ఫ్లో మీటరు ఊదించి, వచ్చిన అంకెలు పత్రికలకు ఇవ్వాలి.