అగ్నిద్వారములు - అనుమతి పత్రములు

2023 మార్చి 16వ తేదీ సాయంకాలమున సికిందరాబాదునందలి స్వప్నలోక్ వాణిజ్య సముదాయమున చెలరేగిన అగ్నిప్రమాదమునకు ఆరుగురు యువతీయువకులు బలియైరి. జీవనోపాధికై జిల్లాలనుండి నగరమునకు వచ్చిన ఆ బిడ్డలు పొగచే ఊపిరియాడక మరణించిరి. అంతకు ఆరు మాసములకు పూర్వము, 2022 సెప్టెంబరు 12న, అదే పట్టణమున ఒక హోటలు భవనపు క్రింది భాగముననున్న విద్యుద్వాహనముల దుకాణమున పుట్టిన పొగ మెట్లదారిని పై గదులకెక్కి ఎనమండుగురి ప్రాణములను గొనెను. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌస్ వద్ద, క్రింద దుకాణములును పైన కాపురములును గల భవనమున, పదునేడుగురు అసువులు బాసిరి. ప్రమాదము జరిగిన వారమున అధికారుల తనిఖీలు, నాయకుల సంతాపములు మిక్కుటముగా నుండును. మరుమాసమునకు అన్నియు మఱపున బడును.

అంతస్తుల మేడలో మెట్లదారి పొగగొట్టము వంటిది. క్రింద నిప్పంటుకొన్నచో పొగ ముందుగా ఎగబ్రాకునది ఆ దారినే. ప్రాణభీతితో జనులు దిగవలసినదియు ఆ దారినే. ఈ చిక్కును విడదీయుటకే అగ్నిద్వారము కల్పింపబడినది. మెట్లదారి మొగమున రెండు గంటలపాటు మంటకు నిలువగల తలుపు నుంచవలెనని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడు నిర్దేశించినది. ఆ తలుపు తెరచి విడిచినంతనే తనంత తాను మూసికొనవలెను. దాని అంచులయందలి పట్టీ వేడి తగిలినప్పుడు ఉబ్బి సందులను పూడ్చవలెను. లోపలివారు తాళపుచెవి అక్కఱలేకయే తెరువగలుగవలెను. పొగకు మూసికొనుటయు, మనుష్యునకు తెరచుకొనుటయు దాని ధర్మములు. ఈ రెంటిలో ఏది లోపించినను అది వట్టి చెక్కయే.

మన వాణిజ్య భవనములలో జరుగుచున్న దేమి? గాలి రావలెనని తలుపునకు ఇటుక అడ్డుపెట్టుదురు. దొంగల భయమున తాళము వేయుదురు. మెట్లపై సరకుల పెట్టెలు పేర్చుదురు. తలుపును మూయు స్ప్రింగు విఱిగినను బాగుచేయించువారుండరు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాలలో 59 మంది మరణించిరి. బాల్కనీలో అదనపు కుర్చీలకొఱకు నడకదారిని మూసివేసియుండిరని ఆ పిమ్మట విచారణలో తేలినది. నాలుగు టిక్కెట్ల ఆదాయమునకు చెల్లింపబడిన మూల్యమది!

శాసనము లేదనుటకు వీలులేదు. అగ్నిమాపక శాఖకు అధికారములొసగుచు 1999 లోనే మన రాష్ట్రమున చట్టము చేయబడినది. లోపమెల్ల అనుమతి పత్రము చేతబడినతోడనే బాధ్యత తీరినదని తలచుటయందున్నది. పత్రము ఒకనాటిది, తలుపు నిత్యము అరుగునది. 2017లో లండను నగరపు గ్రెన్‌ఫెల్ టవరులో 72 మంది మృతినొందిన తరువాత ఆంగ్లేయ ప్రభుత్వము ఈ సత్యమును గుర్తించినది. 11 మీటర్లు మించిన నివాస భవనముల ఉమ్మడి ద్వారములను మూడు మాసములకొకసారి పరీక్షింపవలెనను నిబంధన ఇంగ్లండున 2023 జనవరి నుండి అమలునకు వచ్చినది. అంతమంది ప్రాణములు పోయినగాని వారికిని తెలివి రాలేదు. మనకు ఇప్పటికైనను రావలదా?

తనిఖీ యనిన లంచములకు మఱియొక వాకిలి తెరచుటయేయని వర్తకులు మొఱవెట్టుదురు. ఆ మొఱ నిరాధారమని మేమనజాలము. అందులకు విరుగుడు తనిఖీని మానుట గాదు, దానిని బహిరంగ మొనర్చుట. పరీక్ష జరిగిన తేదీయు, కనిపెట్టిన లోపములును, వానిని సవరించుటకు గడువును భవనపు ముఖద్వారమున తెలుగున వ్రాసి అంటింపవలెను. అద్దెదారుడును, గుమాస్తాయును, కొనుగోలుకు వచ్చిన గృహిణియు చదువగలిగిన పత్రమును లంచముతో మాపుట సులభము గాదు. లోపము తీరువఱకు ఆ అంతస్తున వ్యాపారము సాగనీయరాదు.

మా పాఠకులలో పట్టణమున మేడలు గట్టి అద్దెలకిచ్చినవారు పెక్కురు గలరు. అట్టి మేడలలో కొలువుచేయ తమ బిడ్డలను పంపినవారును గలరు. ప్రభుత్వోత్తరువునకై వేచియుండక వారు రేపుదయముననే తమ భవనపు మెట్లెక్కి ప్రతి అంతస్తునందును తలుపును తెరచి విడువవలెను. అది తనంత తాను మూసికొనినదా? లోపలినుండి చేయి తగిలినంతనే తెరచుకొనినదా? ఈ పరీక్షకు ఇంజనీయరు పనిలేదు, పైకము పనిలేదు. దీనినైనను చేయని యజమాని ప్రమాదానంతరము దైవమును నిందించుట న్యాయము గాదు.