శుక్రవారం సాయంత్రం మనది

శుక్రవారం సాయంత్రం ఏం చేశావని ఊరి నుంచి ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి అబద్ధం చెబుతాం. "ఏముంది, పనే" అంటాం. సినిమా చూశానని చెప్పం. సాల్మియా సముద్రం ఒడ్డున అరగంట గాలికి కూర్చున్నానని చెప్పం. చెబితే అవతల నుంచి ఏ మాట వస్తుందో మనకు తెలుసు. "మేమిక్కడ వడ్డీలు కట్టలేక చస్తుంటే నీకు సినిమాలా?" ఆ మాట ఒక్కసారి విన్నాక ఇంకో పదేళ్ళు నోరు విప్పం.

అక్కలారా, చెల్లెళ్ళారా, ఈ నెల నేను రాయాలనుకున్నది దీని గురించే. మనతో పాటు ఊళ్ళో ఉన్న అత్తలూ, మరుదులూ, అన్నలూ కూడా ఇది చదువుతారని తెలుసు. వాళ్ళు చదవాలనే రాస్తున్నాను.

మా జాబ్రియా సంగతి ముందు చెప్పనివ్వండి. నాలుగో రింగ్ రోడ్డుకీ ఐదో రింగ్ రోడ్డుకీ మధ్య ఉంటుంది. ముబారక్ అల్ కబీర్ ఆసుపత్రి, బ్లడ్ బ్యాంకు ఇక్కడే కాబట్టి మనవాళ్ళలో నర్సులు కనబడతారు. మిగతా అంతా పెద్ద పెద్ద ఇళ్ళు. ఆ ఇళ్ళ వంటగదుల్లో, పిల్లల గదుల్లో రాజంపేట వాళ్ళు, రాయచోటి వాళ్ళు, కోనసీమ వాళ్ళు. గోడకు ఇవతల ఒకరు, అవతల ఒకరు. నెలల తరబడి ముఖాలు చూసుకోం, వాట్సాప్‌లో మాత్రం రోజూ "తిన్నావా" అని అడుగుతాం.

సెలవు దొరికిన సాయంత్రం మేం చేసేది పెద్దదేం కాదు. నలుగురం ఒక చెల్లెలి రూములో కలుస్తాం. ఒకరు బొరుగులు కలుపుతారు. చలికాలమైతే ఒకరు నఖీ తెస్తారు. కువైత్ వాళ్ళ నఖీ అంటే మరేం కాదు, మన శనగ గుగ్గిళ్ళే. తాలింపు ఉండదు, అంతే తేడా. కోనసీమ అక్క దాని మీద తాలింపు పెట్టి మరీ తింటుంది. కరక్ చాయ్. ఆ తరవాత సినిమా. మొత్తం కలిపి మనిషికి ఒకటిన్నర దీనారు దాటదు.

లెక్క అడిగేవాళ్ళకు లెక్కే చెబుతాను. ఒకటిన్నర దీనారంటే నాలుగు వందల చిల్లర. నెలకు ఒక్కసారి చొప్పున ఏడాదికి ఐదు వేల చుట్టూనే. ఊళ్ళో తమ్ముడు స్నేహితులతో బిర్యానీలకు పెట్టేది దీనికి ఎన్ని రెట్లో మీరే చూసుకోండి. వాడి బిర్యానీకి ఎవరూ పద్దు రాయరు. మన గుగ్గిళ్ళకే పద్దు.

ఇంకో మాట. ఇది ఎవరో దయతలచి ఇచ్చే సాయంత్రం కూడా కాదు. కువైత్‌లో ఇంటిపని వాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని ఉండకూడదనీ, మధ్యలో విరామం ఉండాలనీ, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికోసారి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనీ అందులో ఉంది. మరుసటి ఏడు కనీస జీతం 60 దీనార్లని కూడా పెట్టారు. ప్రతి ఇంట్లో ఇవి జరుగుతున్నాయని నేననను. జరగని ఇళ్ళు మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ అడిగేటప్పుడు బిచ్చం అడిగినట్టు అడగొద్దు. "మామా, శుక్రవారం నా సెలవు" అని మామూలు గొంతుతో చెప్పండి. ఊళ్ళో వాళ్ళూ తెలుసుకోండి, మీ అమ్మాయి సెలవు తీసుకుంటే జీతం కోత పడదు.

సినిమా విషయానికి వస్తాను. మేం చూసేవి ఎక్కువగా జంతువుల సినిమాలే. నవ్వకండి, కారణం ఉంది. మాలో ఇద్దరికి ఊళ్ళో చిన్నపిల్లలున్నారు. ఫోన్లో వాళ్ళను కలుపుకొని చూడాలంటే కత్తులు, నెత్తురు, ఐటెం పాటలు ఉన్నవి పనికిరావు. అక్కడ పక్కన జేజి ఉంటుంది, మామ ఉంటాడు. ఏనుగు, సింహం, కుక్క ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. మా అమ్మ వాళ్ళ కాలంలో "అడవి రాముడు"లో ఏనుగులు వస్తే టూరింగ్ టాకీసులో ఈలలేనట. 1977 నాటి మాట. ఇప్పటికీ ఏనుగును చూస్తే మనవాళ్ళ ముఖం అలాగే వెలుగుతుంది.

కలిసి చూడటం ఎలాగంటే, రెండు ఫోన్లు కావాలి. ఒకదాంట్లో సినిమా, ఒకదాంట్లో వీడియో కాల్. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ ఒకేసారి నొక్కాలి. అయినా కాస్త ముందూ వెనకా అవుతుంది. "ముఫాసా" చూసినప్పుడు ఇక్కడ పుంబా నోరు తెరవకముందే రాజంపేటలో నవ్వు వచ్చేసేది. పుంబాకు బ్రహ్మానందం గొంతు, టిమోన్‌కు అలీ గొంతు, ముఫాసాకు మహేష్ బాబు. ఆ గొంతుల కోసమే పిల్లలు మళ్ళీ మళ్ళీ పెట్టించుకుంటారు.

ఆ సినిమా 2024 డిసెంబరులో వచ్చింది. చూడనివాళ్ళ కోసం చెబుతాను. ముఫాసా పిల్లగా ఉన్నప్పుడు వరదలో కొట్టుకుపోయి అమ్మానాన్నలకు దూరమవుతాడు. వేరే గుంపులో పడతాడు. అక్కడి రాజుకు వాడంటే గిట్టదు, పరాయివాడంటాడు. ఆ రాజు భార్య, అంటే టాకా తల్లి, వాడిని దగ్గరకు తీసి తన కొడుకుతో పాటు పెంచుతుంది. వేటా నేర్పుతుంది. మా రూములో ఆ భాగం వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. మనం చేసే పని అదే కదా. పరాయి బిడ్డకు అన్నం పెట్టి, నిద్రపుచ్చి, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునే పని. ఫోన్లో అవతల మన బిడ్డను ఇంకెవరో అలాగే పెంచుతుంటారు, జేజో, పిన్నో. చివర్లో ముఫాసా వెతుక్కుంటూ వెళ్ళిన చోట తల్లి ముందే చేరి ఎదురుచూస్తూ ఉంటుంది. అది చూసి మా చెల్లెలి కూతురు, ఎనిమిదేళ్ళది, "అమ్మా, మనది ఉల్టా. నేనే ముందొచ్చి కూర్చున్నా" అంది. చెల్లెలు ఏడవలేదు. నవ్వింది. మేమే ముఖాలు తిప్పుకున్నాం.

ఇలాంటి మాట డబ్బు లెక్కల కాల్‌లో రాదు. అందుకే ఊళ్ళో వాళ్ళకు నా విన్నపం. శుక్రవారం సాయంత్రం ఆ రెండు గంటలు బ్యాంకు సంగతులు, స్థలం రిజిస్ట్రేషన్, చిట్టీ పాట, మరిది పెళ్ళి ఖర్చు ఎత్తకండి. శనివారం మాట్లాడుకోవచ్చు. ఆ రెండు గంటలు పిల్లకూ తల్లికీ వదిలేయండి. ఫోన్ పిల్ల చేతికి ఇచ్చి మీరు పక్కకు జరగండి.

"ది ఎలిఫెంట్ విస్పరర్స్" గురించి చెప్పకుండా ఉండలేను. 2023 మార్చిలో "నాటు నాటు"కు ఆస్కార్ వచ్చిందని మనమంతా స్టేటస్‌లు పెట్టిన రాత్రే దీనికీ వచ్చింది. నలభై నిమిషాల సినిమా. ముదుమలైలో బొమ్మన్, బెల్లి అనే ఆలుమగలు తల్లి లేని ఏనుగు పిల్లలను, రఘునీ అమ్మునీ, పెంచుతారు. తమిళమే ఎక్కువ, మన చిత్తూరు వాళ్ళకు సబ్‌టైటిల్స్ అక్కర్లేదు. బెల్లి తన కూతురిని పోగొట్టుకున్న మనిషి. పెంచి పెద్దచేసిన రఘును అటవీ శాఖ వాళ్ళు ఇంకొకరికి అప్పగిస్తారు. కాంట్రాక్టు ముగిసి, చేతుల మీద పెరిగిన పిల్లవాడిని వదిలి ఏర్‌పోర్టుకు బయల్దేరిన అక్కలు ఎవరైనా ఆ భాగం చూసి చెప్పండి. ఆ పెంపకాన్ని ఎవరూ "ఆయా పని" అని తీసిపారేయలేదు. ఆ సినిమా వచ్చాక తమిళనాడు ప్రభుత్వం బెల్లికి ఏనుగుల శిబిరంలోనే ఉద్యోగం ఇచ్చింది. మన పెంపకానికి మాత్రం సర్టిఫికెట్ కాగితం కూడా ఉండదు.

బయటికి పోనివ్వని ఇళ్ళలో ఉన్న చెల్లెళ్ళకు ఒక మాట. పని అయ్యాక గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని చూడండి. కాల్‌లో ఉన్నప్పుడు కెమెరా మీ ముఖం మీదే ఉండాలి. ఇంటివాళ్ళు, వాళ్ళ పిల్లలు అందులో పడకూడదు. అనుమతి లేకుండా ఎదుటివాళ్ళను ఫోన్‌లో తీయడం ఇక్కడ నేరం, సరదా కాస్తా కేసవుతుంది. టైము కూడా చూసుకోండి. మనకు ఐదైతే వాళ్ళకు ఏడున్నర. మనకు ఎనిమిదికి మొదలుపెడితే అక్కడ పదిన్నర, పిల్లలు సగంలోనే నిద్రపోతారు.

వచ్చే శుక్రవారానికి ఏం చూడాలో ఇంకా తేలలేదు. "777 చార్లీ" పెడదామని నర్సు చెల్లెలు అంటోంది. మంచి సినిమానే, కన్నడ వాళ్ళు తీసింది, తెలుగులోనూ ఉంది. కానీ అందులో కుక్కకు క్యాన్సర్. పెద్దవాళ్ళం చూసుకుందాం గానీ పిల్లలతో వద్దన్నాను. ఫోన్లో ఏడ్చే పిల్లను ఇక్కడి నుంచి ఎత్తుకోలేం. జంతువు చివరిదాకా బతికుండే సినిమా పేర్లు మీకు తెలిస్తే గ్రూపులో పెట్టండి, బుధవారం లోపల.