పీతకి తల ఎక్కడ?

పరవాడ అంటే బయటివాళ్లకి ఫార్మా సిటీ, సింహాద్రి పవర్ ప్లాంట్ గుర్తొస్తాయి. నాకు ముత్యాలమ్మపాలెం తీరం. వల దులిపాక ఇసుకలో మిగిలేవి చూస్తే చాలు, తల అనేది ఎలా పుట్టిందో సగం కథ అక్కడే ఉంటుంది. కోడ్ రాసుకునేవాడివి నీకెందుకీ గోల అంటారా? మెదడు కూడా ఒక సిస్టమ్ డిజైనే కదా.

ముందు జెల్లీ ఫిష్. దీనికి తలా లేదు, మెదడూ లేదు. ఒళ్లంతా నరాలు వలలా అల్లుకుని ఉంటాయి, అంతే. అలాగని తీసిపారేయకండి. బాక్స్ జెల్లీ ఫిష్‌లో ఒక రకానికి 24 కళ్లు. ఎక్కడ గుద్దుకుందో నేర్చుకుని, తర్వాత తప్పుకుంటుందని 2023లో పరిశోధకులు చూపించారు. ఇంకో మాట. దాని విషపు కణాలు పేలడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు. ఒడ్డున చచ్చి పడున్నది కూడా కుడుతుంది. సెల్ఫీ కోసం చేత్తో ఎత్తకండి.

ఎప్పుడూ ఒకే దిక్కుకి కదిలే జంతువుకి కొత్త చోటు ముందుగా తగిలేది ముందు భాగానికే. అందుకే కళ్లు, నోరు, వాసన పట్టేవి అక్కడికి చేరాయి, వాటి వెనకే నరాల ముడి. అదే తల. నక్షత్ర చేప మాత్రం ఈ దారిలో వచ్చి మళ్లీ పక్కకి తిరిగింది. పిల్లగా ఉన్నప్పుడు మనలాగే కుడి ఎడమలు, పెద్దయ్యాక అయిదు చేతులు. దానిలో మొండెం జన్యువులు దాదాపు కనిపించడం లేదనీ, ఒళ్లంతా తలలాంటిదేననీ 2023లో నేచర్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది.

ఇక పీత. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. పీత మెదడు కళ్ల దగ్గర చిన్న ముడి. అక్కడి నుంచి నరాలు అన్నవాహిక చుట్టూ తిరిగి కిందికొస్తాయి. కడుపు వైపు ఇంకో పెద్ద ముడి, కాళ్లని నడిపేది అదే. మన వెన్నుపాము వీపు వైపు, వీటి నరాల తాడు పొట్ట వైపు. అంటే పీతకి రెండు సర్వర్లు. ఒకటి ఆపినా ఇంకోటి నడుస్తూనే ఉంటుంది. బతికున్న పీత కాళ్లు విరిచి, చిప్ప ఊడదీసి, మరిగే నీళ్లలో వేస్తే దానికి ఏమవుతోంది?

తెలియదులే అనడం ఇప్పుడు కష్టం. 2024లో స్వీడన్ పరిశోధకులు పీతల నాడీ కేంద్రం దగ్గర విద్యుత్ సంకేతాలు కొలిచారు. మెత్తటి భాగాల మీద వెనిగర్ లాంటి యాసిడ్ పెట్టినా, గట్టిగా నొక్కినా స్పందన కనిపించింది. స్విట్జర్లాండ్ 2018లోనే లాబ్‌స్టర్‌ని ప్రాణంతో ఉడకబెట్టడం నిషేధించింది. బ్రిటన్ 2022 చట్టంలో పీతల్ని, ఆక్టోపస్‌ల్ని బాధ తెలిసిన జీవులుగా చేర్చింది. మన 1960 జంతు హింస నివారణ చట్టంలో జంతువంటే మనిషి తప్ప ఏ ప్రాణి అయినా. తినడానికి చంపొచ్చు, కానీ అనవసరమైన బాధ పెట్టకూడదు. ఆ లెక్కన పీతా అందులో ఉన్నట్టే.

"ముందే చంపి ఇస్తావా పిన్నీ?" అని అడిగాను, పీతలు అమ్మే ఆవిడని.

"చంపీసింది ఎవులు కొంటారు బాబూ? కాళ్లాడితేనే గదా మీరు తీసుకుంటారు."

ఆవిడ మాటా నిజమే. చచ్చిన పీత త్వరగా పాడైపోతుంది. కాబట్టి ఆ పని ఇంటికొచ్చాకే, వండే ముందే జరగాలి. ఐసులో పెడితే కదలిక మందగిస్తుంది, కానీ బాధ ఆగిందని గ్యారంటీ లేదు. తర్వాత వెల్లకిలా తిప్పి, సన్నటి మొన ఉన్న కత్తితో రెండు ముడుల్నీ వెంటవెంటనే పొడవాలి, ఒకటి పొట్ట మడత కింద, రెండోది కళ్ల దగ్గర. కొన్ని సెకన్ల పని. పులుసు రుచి మారలేదని అమ్మ అంది. కత్తి మాత్రం నా చేతికే ఇస్తోంది.