గ్రామసభయందు మన స్థానము

పేరు వెల్లడింపవలదని కోరిన యొక పల్లె సోదరి దంతాలపల్లి ప్రాంతమునుండి మాకు వ్రాసినది. తమ వాడలో మురుగుకాలువ పూడి రెండు నెలలైనదట. సర్పంచి స్త్రీయే యైనను, ఊరివారందఱు ఆమె భర్తతోనే చెప్పుకొందురట. ఆయన "చూతము" అనెనట. ఇక నేమి చేయవలెనని ఆమె ప్రశ్న.

ఆ భర్తగారికి పదవి నెవరిచ్చిరో మాకు తెలియదు. చట్టము మాత్రము ఇయ్యలేదు.

దంతాలపల్లి వైపు వృద్ధురాండ్ర నడిగిన పూర్వస్థితి తెలియును. నిజాము కాలమున ప్రభుత్వమనగా శిస్తుకు మాలీపటేలు, నేరములకు పోలీసుపటేలు, లెక్కలకు పట్వారీ; వారిపైని దేశముఖు. వెట్టికి పిలుపు వచ్చినచో చంటిబిడ్డను విడిచి పోవలసినదే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశముఖునకు విడువక నిలిచినది ఆ దినములలోనే. పటేలు పట్వారీల పదవులు 1984లో రద్దయినవి. ఇప్పుడు పంచాయతి స్థానములలో సగము స్త్రీలవి.

ఫ్రాన్సు దేశమున చిన్న పల్లెకు సైతము మేయరు కలడు. అతనిని సభ్యులే యెన్నుకొందురు. మన సర్పంచిని ఓటర్లే నేరుగ నెన్నుకొందురు. ఆ దేశపు స్త్రీలు మొదటిమాఱు ఓటు వేసినది 1945 ఏప్రిలులో, ఇట్టి స్థానిక సభల యెన్నికలలోనే యని వినిన మనవారు కొందఱు ఆశ్చర్యపడుదురు.

ఇక కాలువ మాట. 2018వ సంవత్సరపు పంచాయతిరాజ్ చట్టము ప్రకారము రెండు నెలల కొకమాఱైనను గ్రామసభ జరుగవలెను. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి స్త్రీయు అందు సభ్యురాలే. ఒంటిగ పోవక వాడవారు నలుగురైదుగురు కలిసి పొండు. అర్జీని ముందుగనే పంచాయతి కార్యదర్శి కిచ్చి రసీదు తీసికొనుడు. సభలో వెనుక గోడకు చేరగిలబడక ముందు కూర్చుండుడు. మాటను సర్పంచమ్మతోనే చెప్పుడు. ఆమెకును అది మేలు, ఇంటివారి చాటునుండి వెలికి వచ్చుటకు. తీర్మానము పుస్తకములో నెక్కువఱకు లేవకుడు. సంతకము పెట్టుటకు ముందు పైనున్నది చదివించుకొనుడు. చదువకయే వేలిముద్ర వేసి పొలములు పోగొట్టుకొన్న కుటుంబములు మన తాతలనాట కొల్లలు.

అప్పటికిని పని కాకున్న మండల పంచాయతి అధికారి కలడు. 2016లో దంతాలపల్లియే మండలమైనది గనుక, మునుపటివలె నర్సింహులపేటకు పోవు శ్రమ తప్పినది.

ఆ సోదరి మరల వ్రాయునపుడు తీర్మానపు తేదీని కూడ వ్రాయవలెనని కోరుచున్నాము.