మైక్ మ్యూట్ కీ పనిచేస్తుందో లేదో రివ్యూలో ఎవరూ చెప్పరేం?

నేను పుట్టపర్తిలో ఇంటి నుంచే పనిచేస్తా. కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్న మూడో రోజు, టీమ్ మీటింగ్ నడుస్తుంటే అమ్మ గదిలోకి వచ్చింది. వెంటనే మైక్ మ్యూట్ కీ నొక్కేశా. "ఉగ్గాని చల్లారిపోతాంది, తిని కూచోరా" అన్న మాట బెంగళూరు ఆఫీసులో అందరూ విన్నారు. కీ నొక్కినా మైక్ ఆగలేదన్నమాట. ఉగ్గాని కాబట్టి నవ్వుకుని వదిలేశారు. ఇంట్లో అప్పుల మాట నడుస్తూ ఉండుంటే?

కీ చెడిపోలేదు. అక్షరాల కీలకు ఈ తలనొప్పి ఉండదు. బ్రైట్‌నెస్, మైక్, ఎయిర్‌ప్లేన్ మోడ్ లాంటివాటిని మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కో దారిలో పంపుతుంది. కొన్ని కీబోర్డ్ నుంచే వస్తాయి, కొన్ని ఏసీపీఐ, డబ్ల్యూఎంఐ దారిలో వస్తాయి. అందుకే ఈవీటెస్ట్‌లో చూసేటప్పుడు ఒక్క డివైస్‌తో ఆగొద్దు, లిస్టులో ఉన్నవన్నీ చూడాలి. నాకు స్కాన్‌కోడ్ కనబడింది, పక్కనే 'అన్‌నోన్' అని ఉంది. అంటే సిగ్నల్ వస్తోంది, దానికి పేరు లేదు, అంతే. యూడెవ్ వాడే హెచ్‌డబ్ల్యూడీబీలో రెండు లైన్ల ఫైల్ పెట్టి, ఆ కోడ్‌ను ఎఫ్20కి కలిపి, డేటాబేస్ అప్‌డేట్ చేశా. కీ పనిచేసింది. ఈవీటెస్ట్‌లో అసలేమీ కనబడకపోతే మాత్రం ఆ మోడల్‌కు కెర్నెల్ డ్రైవర్ సపోర్ట్ రావాల్సిందే.

ఎఫ్20 ఎందుకంటారా? లినక్స్‌లో మైక్ మ్యూట్ కోడ్ 248. 1987లో వచ్చిన ఎక్స్11 దానికి 8 కలుపుతుంది, 256 అవుతుంది. ఎక్స్11 గీత 255 దగ్గరే! ఒక్క అంకె తేడాతో బయట పడ్డ కీని ఎఫ్20 పేరుతో లోపలికి తేవాల్సి వచ్చింది. వేలాండ్‌లో ఈ గీత లేదు.

ఇక నా గొడవ రివ్యూలు రాసేవాళ్లతో. కీ ట్రావెల్, బ్యాక్‌లైట్ గురించి పేరాలు రాస్తారు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన కోపైలట్ కీకి ఎంత హడావుడి చేశారు! లోపల చూస్తే అది విండోస్ కీ, షిఫ్ట్, ఎఫ్23 కలిపి పంపే కీ. లినక్స్ ఎంతమంది వాడతారని అడగొచ్చు. విండోస్ లేకుండా ఉబుంటుతోనో డాస్‌తోనో కాస్త తక్కువకు వచ్చే మోడల్స్ కొనేది ఎక్కువగా మనలాంటి బీటెక్ వాళ్లమే కదా. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి పై వరస కీలన్నీ నొక్కి చూడ్డానికి పది నిమిషాలు చాలు.

నా రెండు లైన్లు సిస్టమ్‌డీ ప్రాజెక్టుకు కూడా పంపా. వాళ్లు కలుపుకుంటే ఇదే మోడల్ కొన్న ఇంకొకరికి ఈ తంటా ఉండదు. ఈలోపు ధర్మవరంలోనో హిందూపురంలోనో షాపుకు వెళ్తే, డిస్‌ప్లేకు పెట్టిన పీస్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తామని అడగండి. ఒప్పుకుంటే ముందు మైక్ కీ నొక్కండి.